ఇరవై ఒక్క బస్తాల గుర్రం

మొన్న కొండదారిలో దిగుతుంటే, ముందు వెళ్తున్న లారీ బ్రేకులు కాలిన వాసన మా కారులోకి వచ్చింది. పక్కన కూర్చున్న మా ఆవిడ ముక్కు మూసుకుని అద్దం పైకెత్తింది. నాకు మాత్రం ఆకలి వేసింది. నలభై ఏళ్లుగా ఇదే వరస. ఆ వాసన తగిలితే చాలు, నిమ్మకాయ పులిహోర, అందులో నలిగిన ఉడకబెట్టిన గుడ్డు, పక్కన కూర్చుని తింటున్న ఎస్తేరు ఆంటీ గుర్తొస్తారు. ఆవిడ గురించి మీకు చెప్పాలంటే, ముందు నేనెంత కోతలరాయుడినో ఒప్పుకోవాలి.

ఎనభైల మొదట్లో ఉద్యోగం కోసం అమెరికాలో క్యారీ అనే ఊరు వచ్చినప్పుడు ఆవిడ ఇంట్లో కింది గది అద్దెకు తీసుకున్నాను. ఎస్తేరు ఆంటీది నర్సాపురం దగ్గర పల్లె. ఇక్కడ పిల్లల వార్డులో హెడ్ నర్సు. భర్త పోయి చాలా ఏళ్లయింది. కూతురు కాలేజీకి వెళ్తూ తన గుర్రాన్ని ఆవిడకు అప్పగించి వెళ్లింది. దాని పేరు బాదం, రంగూ అదే. ఆవిడ డ్యూటీ దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని గుర్రపుశాలకు వెళ్లేవారు. మొదట్లో "నాకెందుకీ పీడ" అనేవారట. నేను వచ్చేనాటికి ఆ గుర్రం దగ్గితే ఈవిడ అన్నం మానేసే స్థితిలో ఉన్నారు.

ఆంటీకి తూచే పిచ్చి ఉండేది. వార్డులో మందు డోసు పిల్లల బరువును బట్టి ఇస్తారు. తల్లి ఎంత చెప్పినా, కాగితం మీద ఎంత రాసి ఉన్నా, మళ్లీ తూచందే ఆవిడ ఎవరినీ సూది ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. నేను దిగిన రోజున "రెండు కిలోల ఆవకాయ ఆంటీ, మా అమ్మ పంపింది" అని సీసా చేతిలో పెడితే, సంతోషంగా పుచ్చుకుని, తిన్నగా వంటింటి కాటా మీద పెట్టారు. "కిలోన్నర. సీసాతో కలిపి" అన్నారు. మా పరిచయం అలా మొదలైంది.

నా దగ్గర సెకండ్‌హ్యాండ్ ఎర్ర పికప్ ట్రక్కు ఉండేది. మా తెలుగు చర్చి సంఘం మొత్తానికి అదొక్కటే ట్రక్కు. ఎవరు ఇల్లు మారినా, ఎవరు సోఫా కొన్నా నాకే ఫోను. ఆ ఫోన్లకు నేను మురిసిపోయేవాణ్ణి. పెళ్లి కానివాణ్ణి, ఉద్యోగానికి కొత్త, పాట పాడితే పక్కవాళ్లు పాటల పుస్తకం పేజీలు తిప్పే గొంతు. ఆ ట్రక్కే లేకపోతే నన్నెవరు పలకరిస్తారన్న భయం లోపల ఉండేది. అందుకే పని ఏమిటో పూర్తిగా వినకుండానే "అవుతుందండీ" అనేసేవాణ్ణి.

ఆ వసంతంలో గుర్రపుశాల యజమాని ఇళ్ల స్థలాల కోసం నేల అమ్మేశాడు. శనివారం లోపల ఎవరి గుర్రాన్ని వాళ్లు తీసుకుపోవాలి, మిగిలిపోయిన వాటిని గుర్రాల బేరగాడు తోలుకుపోతాడు అని చెప్పాడు. అలాంటి బేరగాళ్ల చేతిలో పడ్డ ముసలి గుర్రాలు ఎక్కడ తేలతాయో ఎవరూ పైకి అనరు. పడమటి కొండల్లో, మూడు గంటల దూరంలో, ఆంటీతో పనిచేసిన నర్సు ఒకావిడ తన పొలంలో బాదంకు చోటిస్తానంది. ఇక తీసుకెళ్లడమే మిగిలింది. ఆదివారం ఆరాధన తర్వాత భోజనాల దగ్గర ఆంటీ ఆ సంగతి చెప్పి, ఎవరికైనా మంచి బండివాడు తెలుసా అని అడిగారు. చేతిలో కోడి కాలు పట్టుకుని నేను లేచాను.

"బండివాడు ఎందుకాంటీ? గుర్రపుశాల వాళ్ల ట్రైలర్ ఇప్పించండి చాలు. నా ట్రక్కు ఆరువేల పౌన్లు లాగుతుంది."

మా సంఘం పెద్ద సుధాకర్ గారు డాక్టరేట్ చేసిన మనిషి. ఆయన వంత పాడారు. "ఆ ఆరువేలు కూడా కంపెనీవాళ్లు తగ్గించి రాస్తారండీ. ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు లాంటిదే. రెండు కిలోలు ఎక్కువైనా కౌంటర్లో వాళ్లు చూసీచూడనట్టు పోతారా లేదా? సర్దుకుంటుంది."

"కొండ దిగేటప్పుడు చూసీచూడనట్టు పోయేది ఎవరు సుధాకర్ గారూ?" అన్నారు ఆంటీ, ఆయన పళ్లెంలో పెరుగు వడ్డిస్తూ.

సోమవారం సాయంత్రం ఆవిడ నా ట్రక్కు మాన్యువల్ అడిగి తీసుకున్నారు. ఆరాధనలో వాక్యం చదివేటప్పటిలాగే కళ్లజోడు సర్దుకుని, వరుస వెంట వేలు పెట్టి, పైకే చదివారు. "ఆరువేలు. ఉంది, నిజమే. పక్కన చిన్న చుక్క కూడా ఉంది. ఆ చుక్కకి కింద ఏం రాశాడో చదివావా?"

నేను చదవలేదు. ఆరువేలు కనబడ్డాక ఇంకా చదవడం ఎందుకనిపించింది.

"పెద్ద ఇంజనూ, ఆటోమేటిక్ గేరూ ఉంటేనే ఆరువేలట. నీది ఏ ఇంజను?"

"చిన్నదే. సిక్స్ సిలిండర్."

"గేరు?"

"చేత్తో వేసేదేనండి."

ఆవిడ వేలు పట్టికలో ఒక్కో మెట్టూ దిగుతూ అట్టడుగు వరుసలో ఆగింది. "రెండువేలు. ఖాళీ ట్రైలరే రెండువేల నాలుగొందలని దాని రేకు మీద కొట్టి ఉంది. గుర్రం ఎక్కకముందే నీ పని అయిపోయింది అబ్బాయ్. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట."

"కాగితం మీద అలాగే ఉంటుందాంటీ. నా బండి సంగతి నాకు తెలుసు కదా. లాగుతుంది."

"లాగుతుందిలే. ఆగుతుందా?"

నాకు ఒళ్లు మండింది. తల్లిని అన్నా పడతాను గానీ ట్రక్కును అంటే పడే రోజులు కావవి. నా మొహం చూసి ఆవిడ వాదన పెంచలేదు. "సరే. వార్డులో కొత్త మందు ఇచ్చేముందు టెస్ట్ డోసు వేస్తాం. నీకూ వేద్దాం" అన్నారు.

గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టి ఇద్దరం గుర్రపుశాలకు వెళ్లాం. ఆవిడ బాదం ఛాతీ చుట్టూ టేపు పెట్టి కొలిచి, లెక్క కట్టి, వెయ్యిన్నీ యాభై పౌన్లని తేల్చారు. యాభై పౌన్ల దాణా బస్తాలు ఇరవై ఒకటి అడిగి తెచ్చారు. వాటిలో రెండింటిని తూచి చూశాక గానీ ట్రైలర్ ఎక్కించలేదు. ఎక్కించింది నేనే లెండి, నడుం పడిపోయింది. ట్రైలర్ తగిలించగానే నా ట్రక్కు వెనకభాగం కుంగి, ముందు దీపాలు ఆకాశం చూశాయి. ట్రైలర్‌కు సొంత బ్రేకులున్నా, వాటిని పనిచేయించే పెట్టె నా ట్రక్కులో లేదు. అన్ని బస్తాలూ నా కాలి కిందే ఆగాలి. ఆవిడ ఎంచిన చోటు గుర్రపుశాల లోపలి మట్టిబాట. చిన్న వాలు, అడుగున విశాలమైన గడ్డిమైదానం, మనిషి జాడ లేదు. ఆవిడ పక్క సీట్లో కూర్చుని ఒళ్లో టిఫిన్ క్యారేజీ పెట్టుకున్నారు.

మొదటిసారి దిగి, కొంచెం ఆలస్యంగా అయినా ఆగాను. "చూశారా" అన్నాను. "మళ్లీ" అన్నారు. రెండోసారి అనుకున్నచోటు దాటి చాలా దూరం పోయి ఆగింది. "మళ్లీ" అన్నారు. మూడోసారి బ్రేకు మీద నిలబడ్డాను. నిలబడే ఉన్నాను. వెనకనుంచి ఇరవై ఒక్క బస్తాలు నన్ను పెళ్లిపీటల మీదికి తోసినట్టు తోశాయి. బాట అయిపోయింది, చెక్క కంచె ఒకటి విరిగింది, గడ్డిలో ఎక్కడో తనంతట తనే ఆగింది. నాలుగు చక్రాల నుంచీ పొగ. ఒక బస్తా చిరిగి దాణా కారిపోయింది. తన వేషం వేసిన ఆ దాణాను, అవతల మేస్తున్న బాదం నింపాదిగా వచ్చి తినడం మొదలుపెట్టింది.

ఆ బస్తాల చోట గుర్రం, ఈ వాలు చోట అసలు కొండ ఉంటే ఏమయ్యేదో అప్పుడు కళ్లకు కట్టింది. తిడతారేమో అనుకున్నాను. ఆవిడ క్యారేజీ విప్పారు. "తిను. ఇవి చల్లారేదాకా పనేముంది" అన్నారు. కాలిన బ్రేకుల మధ్య కూర్చుని నా వంతు పులిహోర అంతా తిన్నాను. అంత రుచైన అన్నం మళ్లీ ఎప్పుడూ తినలేదు.

శుక్రవారం సాయంత్రం మా ప్రార్థన కూటం. దారిలో నేను మింగలేక కక్కలేక, "మీరే చెప్పండాంటీ" అని బతిమాలుకున్నాను.

"ట్రక్కు నీది. మాట నీది. నువ్వే చెప్పు."

చెప్పాను. "నా ట్రక్కు చాలదండీ. తెలియక ఒప్పుకున్నాను" అనేసరికి తల కొట్టేసినట్టయింది. సుధాకర్ గారు వెంటనే ఇరుసు మార్చే మార్గం వివరించబోయారు. ఆయన భార్య పద్మ గారు అడ్డుపడ్డారు. "మా పక్కింట్లో వేన్ అనే అతనికి పెద్ద ట్రక్కు ఉంది కదా, పశువుల్ని తోలుతుంటాడు. ఆదివారమే చెబుదామనుకున్నాను. ఈ మోహనేమో తనే చేస్తానన్నాడు, మళ్లీ నేనెందుకని ఊరుకున్నా."

ఆ మాట నాకు కంచె విరిగిన దెబ్బకంటే గట్టిగా తగిలింది. సాయం అయిదు రోజులుగా పక్కింట్లోనే ఉంది. దానికి అడ్డంగా కూర్చున్నది నా "అవుతుందండీ".

శనివారం పొద్దున్నే వేన్ బాదంను ఎక్కించుకుని ముందు వెళ్లాడు. జీను, గడ్డిమోపులు, మిగిలిన దాణా వేసుకుని నేను వెనక వెళ్లాను. ఆంటీ అతని పెద్ద ట్రక్కు వదిలి నా పక్కన కూర్చున్నారు. ముఖం మాడ్చుకుని నడుపుతున్న నాతో దారిలో అన్నారు. "కొత్తగా నర్సునైన రోజుల్లో ఒక తల్లి చెప్పిన బరువు రాసుకుని మందిచ్చేశాను మోహన్. అనుమానం వచ్చింది. మళ్లీ తూస్తే నాకు పని రాదనుకుంటారని సిగ్గేసింది. ఆ పిల్ల రెండ్రోజులు కళ్లు తెరవలేదు. మూడోనాడు తెరిచింది, దేవుడి దయ. అప్పట్నుంచి నాకు తూచడానికి సిగ్గు లేదు."

ఆవిడంటే అప్పుడు పుట్టిన ప్రేమ తర్వాత ఎన్నడూ తగ్గలేదు. ఆ తర్వాత ఉద్యోగంలో పెద్ద పనులు వచ్చినప్పుడూ, స్నేహితులు ఏదైనా అడిగినప్పుడూ, ఒక్క రోజు గడువు అడిగి, చూసుకుని, చాలకపోతే చాలదని చెబుతూ వచ్చాను. కొందరు నన్ను పిరికివాడంటారు.

బాదం ఆ కొండల్లో ఇంకో తొమ్మిదేళ్లు బతికింది. ఆంటీ కొన్నేళ్ల కిందట పోయారు. సమాధి కార్యక్రమం రోజున పెట్టె మోయడానికి ఆరుగురి పేర్లు చదువుతూ, నన్ను అడగకుండానే మొదట నా పేరు చదివారు. కొడుకులాంటి వాణ్ణని అందరికీ తెలుసు. మోయాలని నా ప్రాణం కొట్టుకుంది. కానీ ఆ ఏడే నా వెన్నుకు ఆపరేషన్ అయింది. నిండు చర్చిలో లేచి నిలబడి, "నా నడుం చాలదు. నా బదులు ఇంకొకరు రండి" అన్నాను. వెనక వరుసలోంచి బలమైన కుర్రాడొకడు వచ్చి నా స్థానంలో పట్టుకున్నాడు. నేను పూలబుట్ట పట్టుకుని, ఏడుస్తూ వెనక నడిచాను. సమాధి దగ్గర నేల వాలుగా ఉంది. పెట్టె ఎక్కడా ఒరగలేదు, జారలేదు. దించాల్సిన చోట నెమ్మదిగా, తిన్నగా ఆగింది.