వెంకటేశం నమ్మిన తెల్లపొడి

ఆ డ్రయ్యర్ గదిలో అడుగుపెడితే లోకం సగం మాయమైపోతుంది. గాలిలో సన్నటి తెల్లపొడి తేలుతూ ఉంటుంది. మోటారు ఒకటే జోల పాడుతూ ఉంటుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి కూడా కలలోకి వచ్చిన చుట్టంలా మసకమసకగా నవ్వుతాడు. పటాన్‌చెరు దగ్గరి మందుల కంపెనీ అది. ఆ పొడి కొలెస్ట్రాల్ తగ్గించే మాత్రలకు ముడిసరుకు. దాన్ని ఆరబెట్టి, జల్లించి, డ్రమ్ముల్లోకి ఎత్తడం లక్డారం ఊరి వెంకటేశానికి ఇరవై రెండేళ్ళుగా పని.

ఇన్నేళ్ళలో ఆయన మనసులో ఒక కమ్మని ఊహ గూడు కట్టుకుంది. మాస్కు ఎంత బిగించినా పొడి కొంత లోపలికి పోతుంది కదా! పోయింది ఊరికే ఉంటుందా? కాలువలో పూడిక తీసినట్టు నరాల్లో కొవ్వునంతా తోసేస్తుంది. షిఫ్టు దిగి బండి మీద ఇంటికొస్తుంటే తన రక్తం గలగలా పారుతున్న చప్పుడు ఆయనకు నిజంగానే వినిపించేది. నవ్వకండి. పక్కన కూర్చుని వింటే మీరూ నమ్మేవారు, అంత తియ్యగా చెప్పేవాడు. సెక్షన్ మొత్తం నమ్మింది. దావత్‌లో మటన్ బొక్కల చారు మళ్ళీ పోయించుకుంటూ "మనకేం గాదు, మనం మందులనే బతుకుతున్నం" అనుకునేవారు. కంపెనీ ఏటా రక్తపరీక్ష పెట్టే రోజున ఆ సెక్షన్‌వాళ్ళు తమకు పరీక్షెందుకని కావాలనే టీ తాగి వచ్చేవారు. పరగడుపున లేరని వెనక్కి పంపేస్తారని వాళ్ళకు తెలుసు.

అందరికంటే గట్టిగా నమ్మింది ఆయన భార్య దేవమ్మ. "నా డ్యూటీ బట్టలు నువ్వే పిండుతవు గదనే, ఆ మందు నీ చేతులకెల్లి ఎక్కుతది" అని ఆయన ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు. ఈమధ్య ఆమె మిరపకాయలు ఎండబోయడానికి మిద్దె ఎక్కుతూ సగం మెట్ల మీదే కూలబడుతోంది. ఆయాసం. ఎడమ రెక్క గుంజుతోందని ఒకనాడు నోరు తెరిచి చెప్పింది కూడా.

"గ్యాస్ అయ్యుంటది. జెర వాము నములు. గుండె సంగతంటవా, నీకు రానే రాదు" అన్నాడు వెంకటేశం.

ఆమె వాము నమిలింది. పాపం, ఇంకేం చేస్తుంది?

కూతురు మహిత పటాన్‌చెరులో ఒక ల్యాబులో టెక్నీషియన్‌గా చేరింది. తండ్రి మాటలకు తలాడించే రకం కాదు.

"ఒక్కసారి రక్తమియ్యి నాయినా, సూద్దాం."

"తీస్కో బిడ్డా, గంగనీళ్ళ లెక్కుంటది" అంటూ ఆయన దర్జాగా చెయ్యి చాపాడు.

కాగితం వచ్చింది. చెడ్డ కొలెస్ట్రాల్ నూరు లోపుండాలట, ఆయనది నూట డెబ్బై రెండు. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ మూడు దాటితే మంచిది కాదట, ఆయనది నాలుగున్నర. జలుబు వల్ల పెరిగిందేమోనని డాక్టరు రెండు వారాలాగి మళ్ళీ చేయించాడు. మళ్ళీ అంతే.

"నరాలల్ల కొవ్వు పేరుకుంటది నాయినా. పేరుకున్నకాడ లోపల్నే సెగ పుడతది. రెండు గలిస్తె గుండెకు ముప్పెక్కువ. గాలిల పీల్సింది మందెట్లయితది? డాక్టర్ రాసినంత రోజూ మింగితెనే మందు" అంది మహిత.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి ఆ రోజు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ల్యాబు బయట బల్ల మీద కూర్చున్నాడు. రుద్రారం బస్సు పిల్లలతో నిండి, చప్పుడు లేకుండా వెళ్ళిపోయినట్టు అనిపించింది. ఎండ తెల్లగా, పొడిలాగే రాలుతోంది. తన అంకెలు ఆయన్ను అంతగా భయపెట్టలేదు. ఆ తెలుపులో మెట్లు కనిపించాయి. సగం మెట్ల మీద గోడకు తల ఆనించి కూర్చున్న దేవమ్మ కనిపించింది. అప్పుడు లేచి బండి తీశాడు.

బండి ఎట్లా నడిపాడో, లక్డారం ఎప్పుడొచ్చిందో ఆయనకు గుర్తులేదు. "చీర మార్సుకో, పోదాం" అన్నాడు. ఆమె చీర మార్చుకుని వచ్చి బండెక్కింది.

పటాన్‌చెరులో అదే డాక్టరు ఆమెకు ఈసీజీ తీయించి కాగితం చూశాడు. గుండెకు రక్తం సరిగా అందడం లేదని, ఆలస్యం చేయకుండా ఈ పూటే హైదరాబాద్ తీసుకెళ్ళమని చెప్పాడు. ల్యాబు నుంచి వచ్చిన మహిత అంబులెన్సు పిలిపించి ముందు కూర్చుంది. వెనక దేవమ్మ పక్కన వెంకటేశం. ఆమె మీద దుప్పటి సర్ది, చెప్పేశాడు.

"నీకేం గాదని నేను ఉత్తగనే చెప్పిన దేవమ్మా. నాకేం తెల్వదు."

దేవమ్మ కళ్ళు తెరవకుండానే అంది: "నువ్వు గంత నమ్మకంగ జెప్తుంటె, నొస్తుందని మల్ల ఎట్ల జెప్పాలె?"

"నాకు జెప్పినంక ఎన్నిసార్లు నొచ్చింది?"

ఆమె వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టసాగింది. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి మొదలుపెట్టింది.