జీపుకు లోతు గ్రిప్పు టైర్లు వేసిన వానాకాలం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను చర్ల అవతల ఒక అడవి ఊళ్లో నర్సుగా పనిచేశాను. నా కింద తొమ్మిది గూడేలు ఉండేవి. నా భర్త అంతకుముందు ఇల్లందులో ఒక షెడ్డులో జీపుల మెకానిక్. నాకు పోస్టింగ్ రాగానే ఆ పని వదిలి, ఒక పాత డీజిల్ జీపు కొనుక్కుని నాతో వచ్చేశాడు. సంత రోజుల్లో జనాన్ని చేరవేసేవాడు, మిగతా రోజుల్లో నన్ను తిప్పేవాడు.

గూడేల్లో నాకు తోడుగా తిరిగే ఆరోగ్య కార్యకర్త ఒకామె ఉండేది. నా ఈడుదే. చివరి గూడెం ఆమెది. ఇంట్లో కోయ, నాతో తెలుగు. నేను చెప్పింది వాళ్లకూ, వాళ్లు చెప్పింది నాకూ చేర్చేది ఆమే. ఆమె లేకపోతే ఆ తొమ్మిది గూడేల్లో ఒక్క తలుపూ నాకు తెరుచుకునేది కాదు. నన్ను అక్కా అనేది, నా భర్తను బావా అనేది.

వాన మొదలైతే ఆమె గూడేనికి జీపు పోయేది కాదు. తారు రోడ్డు నుంచి పద్నాలుగు కిలోమీటర్ల మట్టి బాట. నల్ల బంకమట్టి టైర్లకు పిండిలా అంటుకునేది. గ్రిప్పంతా మూసుకుపోయి, చక్రం ఉన్నచోటే గిరగిరా తిరిగేది. మొదటి ఏడాది అట్లా ఎన్నిసార్లు దిగి తోశామో లెక్కలేదు. ఒకసారి తోస్తూ తోస్తూ ఆమె మోకాళ్ల దాకా కూరుకుపోయి, నవ్వుతూ అంది:

"బావా, నీ బండికన్న మా ఎడ్లబండి నయం. దీనికి మంచి కాళ్లన్న పెట్టు, లేకపోతే గోదాట్ల కలుపు."

ఆ మాట ఆయనకు పట్టుకుంది. ఎండాకాలంలో ఖమ్మం పోయి, పాత టైర్ల దుకాణంలో నాలుగు టైర్లు తెచ్చాడు. ఏదో మిలిటరీ బండివట. వేలు పెడితే రెండు కణుపులు మునిగేంత లోతు గ్రిప్పు. గుబ్బల మధ్య ఇంత ఖాళీ ఉంటే మట్టి దానంతటదే రాలిపోతుందని, పసిపిల్లవాడికి చూపించినట్టు నాకు చూపించాడు.

తెచ్చాక తెలిసింది, అవి ఆ జీపుకు పట్టవని. ఎత్తూ ఎక్కువే, వెడల్పూ ఎక్కువే. అక్కడి నుంచి నెల రోజులు మా ఇంటి ముందు అదే పని. మడ్‌గార్డుల అంచులు కోశాడు. బాడీ పైకి లేవాలని బండి బరువు మోసే కమాను కట్టలకు ఒక్కో పట్టీ అదనంగా వేశాడు, దానికి పొడవు బోల్టులు చేయించాడు. బాడీ లేచేసరికి బ్రేకు గొట్టాలు చాలలేదు, అవి మార్చాడు. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు కమానుకు రాసుకుంటోందని, అంత తిరగకుండా అడ్డు బోల్టులు బిగించాడు. ఒకటి సరిచేస్తే ఇంకొకటి తప్పేది. అయినా ఆయన్ను అంత సంతోషంగా నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఇల్లందులో ఆయనకు పని నేర్పిన మేస్త్రి ఆ నెలలో ఒకసారి చూడ్డానికి వచ్చాడు. జీపు చుట్టూ తిరిగి, వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు.

"టైరు మంచిగనే ఉంది బిడ్డా. కని పాత టైరు జారుతుండె, అందుకే లోపలి రాడ్డు బతికింది. ఇది జారది. మట్టి పట్టుకుంటది, ఇంజన్ గుంజుతది, నడుమ నలిగేది చక్రం తిప్పే యాక్సిల్ రాడ్డే. ముసలి బండిది, ముసలి రాడ్డు."

"కొత్త రాడ్డు ఒకటి బండ్లనే పెట్టుకుంట మేస్త్రీ. ఇరిగితే అక్కడనే మారుస్త," అన్నాడు నా భర్త. చెప్పినట్టే ఒక రాడ్డు తెచ్చి, నూనె రాసి, గోనెపట్టా చుట్టి సీటు కింద పెట్టాడు.

వానలు పడ్డాయి. జీపు పోయింది! మొదటిసారి చివరి గూడెం దాకా, ఎక్కడా దిగకుండా. దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఆపి, నక్సలైట్లకు బండి తిప్పుతున్నామేమోనని టైర్ల వైపు అనుమానంగా చూశారు.

"ఈ టైర్లు ఎవరి కోసం ఏసినవ్? లోపలికి ఎవర్ని మోస్తున్నవ్?"

"జొరాలొచ్చినోళ్లను సారూ," అన్నాడు. ప్రతిసారీ అదే ప్రశ్న, అదే జవాబు. ఆ నెలన్నరలో ఇద్దరు బాలింతలను, జ్వరాలతో ఉన్న ఏడుగురిని తారు రోడ్డుకు చేర్చాం. అందరూ బతికారు.

తర్వాత ఆమెకే జ్వరం వచ్చింది. కబురు నాకు మూడో రోజు పొద్దున అందింది. మేం వెళ్లేసరికి ఆమె నన్ను గుర్తుపట్టలేదు. కోయలో ఏదో మాట్లాడుతోంది, నాకు అర్థం కాలేదు. నాకు అర్థమయ్యేట్టు చెప్పే మనిషి ఆమే కదా. నేనిచ్చిన మందు వాంతిలో పోయింది. సెలైన్ ఎక్కించి, ఆమెను వెనక సీటులో పడుకోబెట్టి, తల నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె భర్త సీసా ఎత్తి పట్టుకున్నాడు.

సగం దూరం వచ్చాం. ఒక వాగు ఒడ్డు ఎక్కుతుండగా జీపు కింద టప్పుమని చప్పుడు. ఇంజన్ అరుస్తోంది, బండి కదలడం లేదు. నా భర్త వెనక్కి తిరిగి చూడకుండానే అన్నాడు:

"రాడ్డు."

వెంటనే దిగి సీటు కిందది లాగాడు. "అరగంట," అన్నాడు. బురదలో వెల్లకిలా పడుకుని చక్రం ఊడదీశాడు. విరిగిన రాడ్డు సగమే బయటికి వచ్చింది. మిగతా ముక్క లోపల, గేర్ల పళ్ల మధ్య ఇరుక్కుంది. అది వస్తే తప్ప కొత్తది ఎక్కదు. తీగ పెట్టాడు, కొక్కెం పెట్టాడు, చెయ్యి పెట్టి వేళ్లు కోసుకున్నాడు. అరగంట అయింది, గంట అయింది.

"ఏందయ్యా, వస్తదా రాదా?" అని అరిచాను.

"వస్తది. ఇంకొక్క నిమిషం."

ఆయన ఇంకొక్క నిమిషం అన్న ప్రతిసారీ నేను ఆగాను. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. గంటన్నర ఆగాక, ఆమె భర్త పక్క గూడెం పోయి మంచంతో నలుగురిని తెచ్చాడు. ఆమెను మంచం మీద మోస్తూ నడిచాం. సీసా ఈసారి నేను పట్టుకున్నాను. తారు రోడ్డు ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా ఆమె ఊపిరి ఆగింది. మోసేవాళ్లకు నేను చెప్పలేదు. ఇంకాస్త దూరం అట్లాగే నడిచాను.

మంచం దించాక వెనక నుంచి హారన్ వినిపించింది. ఆగకుండా, అదేపనిగా. జీపు వస్తోంది. ముక్క వచ్చింది, రాడ్డు ఎక్కింది. ఒళ్లంతా మట్టితో ఆయన దిగి, మంచం వైపు రాబోయి, మా ముఖాలు చూసి అక్కడే నిలబడిపోయాడు.

ఆమెను అదే జీపులో ఇంటికి తీసుకుపోయాం. వాగు ఒడ్డు మళ్లీ దిగాం, బంకమట్టి మళ్లీ దాటాం. బండి ఎక్కడా జారలేదు, ఎక్కడా ఆగలేదు. నాకు ఆ టైర్లను కత్తితో చీల్చాలనిపించింది.

గూడెంలో దించేటప్పుడు ఆమె భర్త నా భర్త భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు వచ్చినవ్ గదా అన్నా. గింత వానల ఇంకెవరొస్తరు," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

వారం తర్వాత నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి జీపుకు పాత టైర్లు వేసి ఉన్నాయి. లోతు గ్రిప్పు టైర్లు లేవు, ఎవరికిచ్చాడో చెప్పలేదు.

"మరి రేపు ఎవరికన్న జొరమొస్తే?" అన్నాను.

"నడిచిపో."

"గట్లంటే ఎట్ల? తొమ్మిదిమందిని బతికించినవ్ దీంతోని."

"ఆమెనే పెట్టుమన్నది, ఆమెనే పోయింది. ఇగ నాతోని కాదు."

ఆ రోజు మేం ఒకరినొకరం అనకూడని మాటలన్నీ అనుకున్నాం. కొత్త రాడ్డు ముందే వేయనందుకు ఆయన్ను నేను అన్నాను. ముందే మంచం తెప్పించనందుకు నన్ను ఆయన అన్నాడు. రెండూ నిజాలే.

డాక్టరును అడిగాను. జ్వరం మెదడుకు ఎక్కిందని, వేళకు చేర్చినా బతికేదని చెప్పలేమని అన్నాడు. అదే వచ్చి ఆయనకు చెప్పాను.

"బతకదని కూడ చెప్పలేరు గదా," అన్నాడు.

ఆ వానాకాలం మిగతా రోజులు నేను నడిచే వెళ్లాను. గూడేల్లో తలుపులు మెల్లగా మూసుకున్నాయి. కోపంతో కాదు, నా మాట వాళ్లకు చేర్చేవాళ్లు లేక. నేను వెళ్లేసరికే ఇద్దరు పోయారు, ఒక ముసలామె, ఒక చంటిది. రెండేళ్లకు నాకు కుసుమంచి వైపు బదిలీ అయింది. అక్కడ అన్ని ఊళ్లకూ బస్సులున్నాయి. నా భర్త ఒక రైసుమిల్లులో పనికి కుదిరాడు. స్టీరింగు మళ్లీ పట్టుకోలేదు.