యాభై రెండు డిగ్రీలు

నా చిన్నప్పుడు, అంటే అమెరికాలోని పిస్కాటవేలో చలి ఇప్పటికి పదింతలు ఉండే రోజుల్లో, మా పై అంతస్తులో రేడియో అంకుల్ ఉండేవారు. ఆయన గడ్డం బొడ్డు దాకా వేలాడేది. ఆయన దగ్గితే మా వంటింట్లో కప్పులు గలగలలాడేవి. ఏదో కరీబియన్ దీవిలో పుట్టి, అక్కడి రేడియోలో ఓడరేవు కూలీల తరఫున మాట్లాడి, జైలు కూడా చూసి, చివరికి మా మెట్ల మీదికి వచ్చి పడ్డారు. ఇక్కడ ఆదివారం పొద్దున కాలేజీ రేడియోలో గంటసేపు ఎర్రజెండా కబుర్లు చెప్పేవారు. తొమ్మిదేళ్ళ నన్ను ‘కామ్రేడ్’ అని పిలిచేవారు.

ఆ జనవరిలో మా బిల్డింగ్‌లో హీటింగ్ పోయి మూడు వారాలైంది. ఓనర్ ఫోన్ ఎత్తడు. మా తమ్ముడికి ఏడు నెలలు, రోజంతా దగ్గేవాడు. అంకుల్ ఇంటింటికీ వెళ్ళి, రేడియోకి వచ్చి చెప్పమని అడిగారు. ఎవరి భయం వాళ్ళది.

“గ్రీన్ కార్డ్ ఇంకా ప్రాసెస్‌లో ఉంది, మనకెందుకే ఈ గొడవ,” అన్నారు మా నాన్న.

“పోనీ పిల్ల చెప్తుంది. దాన్నెవరు డిపోర్ట్ చేస్తారు, ఇక్కడే పుట్టిందాయె,” అంది మా అమ్మ.

అలా అగ్గిపెట్టెంత స్టూడియోలో మైకు ముందు కూర్చున్నాను. ఉన్నది ఉన్నట్టు చెబుదామనే వెళ్ళాను. ఎర్ర లైటు వెలిగేసరికి నోరు నా మాట వినలేదు. మా వంటింట్లో మోకాలి లోతు మంచు ఉందన్నాను. తమ్ముడి పాలను అమ్మ సుత్తితో పగలగొట్టి కరిగిస్తోందన్నాను.

మర్నాడు ఓనర్ కెమెరాతో దిగాడు. పొడిగా మెరుస్తున్న మా వంటింటి నేలను ఫొటో తీసి బిల్డింగ్ తలుపుకి అంటించాడు. కింద ఒకే వాక్యం: “మంచు కరిగాక హీటింగ్ సంగతి మాట్లాడదాం.” మా నాన్న అది చదివొచ్చి, ఇక మనం చెప్పే నిజం కూడా ఎవరూ నమ్మరని అమ్మతో అన్నారు. లోపల తమ్ముడు దగ్గుతూనే ఉన్నాడు.

అంకుల్ తిట్టలేదు. మెట్ల మీద నా పక్కన కూర్చుని తన దీవి సంగతి చెప్పారు. సమ్మె రోజున పోలీసులు ముప్ఫై మందిని కొట్టారట. ఆవేశంలో ఈయన రేడియోలో మూడు వందలన్నారు. ప్రభుత్వం ఆసుపత్రి రిజిస్టర్ తెచ్చి చూపించి, రేడియో స్టేషన్‌కి తాళం వేసింది.

“ఆ రెండు వందల డెబ్భై మందిని నేను పుట్టించాను, కామ్రేడ్. వాళ్ళొచ్చి ఆ ముప్ఫై మందినీ మింగేశారు,” అన్నారు.

తర్వాత తన గోడ మీది థర్మామీటర్ తీసి నా చేతిలో పెట్టి, ఆదివారం దాకా పొద్దునా సాయంత్రమూ చూసి రాయమన్నారు.

మళ్ళీ ఆదివారం, సరిగ్గా అదే సమయానికి, ముందు ఆయనే మాట్లాడారు. పోయిన వారం మీరు విన్న మంచు నిజం కాదని, పిల్ల చెప్పింది సరిచూసుకోకపోవడం తన తప్పని చెప్పి, మైకు నా వైపు జరిపారు. ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో అరవై ఎనిమిది ఉండాల్సిన ఇంట్లో యాభై రెండు. యాభై ఒకటి. మళ్ళీ యాభై రెండు. పన్నెండు అంకెలు చదివాను. మధ్యలో ఒక్క ఎలుగుబంటినైనా దూర్చాలని నాలుక ఎంత దురద పెట్టిందో నాకే తెలుసు.

ఆ సాయంత్రం మా నాన్న నా కాగితం తీసుకెళ్ళి ఓనర్ పెట్టిన ఫొటో పక్కన అంటించారు. జేబులోంచి పెన్ను తీసి, కింద తన పూర్తి పేరుతో సంతకం పెట్టారు. మర్నాటికి మరో ఐదు ఇళ్ళ డిగ్రీల కాగితాలు వెలిశాయి. బుధవారం బాయిలర్ బాగుచేసే వ్యాన్ వచ్చింది.

అంకుల్ ఇప్పుడు లేరు. ఆ థర్మామీటర్ నా వంటింట్లో ఉంది. కోతలు కోయడం నేను మానలేదు, మానను కూడా. ఒకరి బతుకు నా మాట మీద నిలబడి ఉన్నప్పుడు మాత్రం ఆ థర్మామీటర్ వైపు ఒకసారి చూసి నోరు తెరుస్తాను. కాబట్టి ఆయన పద్ధతిలోనే సవరణ: గడ్డం చొక్కా కాలర్ దాకానే ఉండేది. కప్పులు గలగలలాడింది రైలు వెళ్ళినప్పుడు. చలి అప్పుడూ ఇంతే. తమ్ముడి దగ్గు, నాన్న సంతకం, యాభై రెండు డిగ్రీలు: వీటిలో నేనేమీ కలపలేదు.