తువ్వాలు మీద రిసీవరు

ఆ రోజుల్లో నాకు ముక్కుమీద కోపం ఉండేది. ఇప్పుడూ ఉంది గానీ, మధ్యలో కళ్ళజోడు వచ్చి దానికి చోటు తక్కువైంది.

కంప్యూటర్లో లినక్స్ పెట్టుకున్నది కూడా కోపంతోనే. నాకు ఆ కంప్యూటర్ అమ్మినాయన రెండు నెలలకోసారి వైరస్ వచ్చిందని చెప్పి, ఉన్నదంతా చెరిపేసి మళ్ళీ ఎక్కించేవాడు. మూడోసారి నా ఫిజిక్సు నోట్సు మొత్తం పోయింది. ఇక మీ గడప తొక్కనని చెప్పి వచ్చేశాను. ఏదో పత్రికతోపాటు ఊరికే ఇచ్చిన సీడీ ఉంటే దాంట్లోంచి నేనే లినక్స్ ఎక్కించుకున్నాను. అప్పుడు ఒక ఇంటర్మీడియట్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. పెళ్ళి కాలేదు కాబట్టి వద్దనేవాళ్ళు కూడా లేరు. రంగుల తెర నా మెషీనుకి పడలేదు. నల్ల తెరమీద తెల్ల అక్షరాలు మాత్రం వచ్చాయి. అవి చాలని అందరికీ చెప్పేవాణ్ణి. చాలవని నాకు తెలుసు.

భవానీపురంలో ఒక సాయిబుగారి మేడమీద అద్దెకుండేవాణ్ణి. ఆయనది కొండపల్లి. అక్కడి బొమ్మలు హోల్‌సేల్‌గా కొని ఊళ్ళలో దుకాణాలకి వేసేవారు. కింద వరండాలో ఎప్పుడూ గడ్డి పరిచిన అట్టపెట్టెలు, వార్నిషు వాసన. ఇంట్లో ఆయన, భార్య, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసిన ఒక్కగానొక్క కూతురు. నన్ను భార్యాభర్తలిద్దరూ మాస్టారూ అనేవారు, అమ్మాయి సార్ అనేది.

ఇంటికంతా ఒకటే ఫోను, అదీ కిందే ఉండేది. ఎస్టీడీ లేదు. సాయిబుగారు పెద్ద మనసుతో ఆ లైనులోంచి ఒక తీగ మేడమీదకి లాగించి నా మోడెముకి ఇచ్చారు. దానికి మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. నేను మెట్ల మీద నిలబడి "అమ్మగారూ, నెట్!" అని కేక వేస్తాను. ఆవిడ వంటింట్లోంచి "కానివ్వండి" అంటారు. నేను మళ్ళీ "అయిపోయింది" అనేదాకా కింద ఎవరూ ఫోను ముట్టుకోకూడదు. ఎవరైనా మరిచిపోయి ఎత్తారా, మోడెము కూత ఆగిపోయి కనెక్షన్ తెగిపోయేది, నేను మెట్లు దిగివచ్చేవాణ్ణి. నా మొహం చూసి వాళ్ళే ముందు సారీ చెప్పేవారు. వాళ్ళ ఫోను వాళ్ళు ఎత్తుకున్నందుకు నాకు సారీ చెప్పించుకున్నానే అని ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఈమెయిల్ మొదలుపెట్టాక మూడు వారాలపాటు గాల్లో తేలిపోయాను. ముందుగా నాకు నేనే ఒక ఉత్తరం రాసుకుంటే రెప్పపాటులో వచ్చింది. అది నా మెషీను గడప దాటకుండానే వచ్చిందని అప్పుడు తెలియదు. తెనాలిలో ఉన్న మిత్రుడికి వరసగా ఏడు ఈమెయిళ్ళు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఎనిమిదోది పోస్టుకార్డు మీద రాశాను. నీకు కళ్ళు నెత్తికెక్కాయి, ఇక నీకూ నాకూ మాటల్లేవు అని.

ఆ కార్డు పోస్టుచేసిన వారంలోనే సాయిబుగారింటికి ఒక కవరు వచ్చింది. నిజానికి అది వాళ్ళ పాత చిరునామాకి, కొండపల్లికి వెళ్ళింది. అక్కడ ఆయన అన్నగారింట్లో మేకుకి తగిలించిన కాగితాల్లో కలిసిపోయి, ఎన్నాళ్ళకో బయటపడితే, ఆ అన్నగారే సాయంత్రం రైలెక్కి స్వయంగా తెచ్చి ఇచ్చారు. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో అమ్మాయికి ఉద్యోగం. చేరుతున్నట్టు ఫ్యాక్సు ద్వారాగానీ ఈమెయిల్ ద్వారాగానీ రాతపూర్వకంగా తెలియజేయాలి. గడువు మర్నాడు సాయంత్రం అయిదు. తెలియజేయకపోతే జాబితాలో తర్వాతి వాళ్ళకి ఇచ్చేస్తారు.

ఆ మర్నాడే మా ఊళ్ళో బంద్. బస్సుల్లేవు, ఎస్టీడీ బూత్‌ల షట్టర్లు దించేశారు, ఇంటర్నెట్ సెంటర్లూ అంతే. రాత్రంతా చుట్టాలు ఫోన్లు చేసి ముబారక్ చెబుతూనే ఉన్నారట. పొద్దున్న ఊరు మూతపడ్డాక, జవాబు పంపే దారి లేదని ఇంట్లో వాళ్ళకి అర్థమైంది. పన్నెండు గంటలప్పుడు సాయిబుగారు మేడెక్కి వచ్చారు. కుర్చీలో కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, నా కంప్యూటర్ ఉత్తరాలు హైదరాబాదు దాకా వెళతాయా అండీ అని అడిగారు. ఢిల్లీ దాకా వెళతాయి, మీరు నిశ్చింతగా భోంచెయ్యండి అన్నాను. ఆయన భోంచెయ్యలేదు. నన్ను నొప్పించకుండా, వన్‌టౌన్‌లో తెలిసిన వ్యాపారి ఇంట్లోనే ఫ్యాక్సు మిషను ఉంది, ఎందుకైనా మంచిది అక్కడికీ వెళ్ళొస్తాను అని, అమ్మాయి సంతకం చేసిన కాగితం జేబులో పెట్టుకుని సైకిలెక్కారు. నా మీద నమ్మకం లేదన్నమాట అని కాస్త చివుక్కుమంది.

రెండింటికి మెట్ల మీదనుంచి కేక వేశాను. కానివ్వండి అని జవాబొచ్చింది. అమ్మాయి ఉత్తరం మడతపెట్టుకుని నా పక్కన స్టూలు మీద కూర్చుంది. మోడెముకి ఆదేశం ఇచ్చాను. అది ఒకసారి టిక్కుమని ఊరుకుంది. తెరమీద డయల్‌టోన్ లేదు అని వచ్చింది. మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ అదే మాట.

తీగ పీకి పెట్టాను, పిన్ను ఊది పెట్టాను. మోడెము ఆపి, చల్లారనిచ్చి, వెలిగించాను. ఆదేశాలన్నీ మార్చి చూశాను. లినక్స్ గురించి ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించుకున్న రెండొందల పేజీల పుస్తకం తిరగేశాను. డయల్‌టోన్ కోసం ఆగకుండా డయల్ చెయ్యమని చెప్పే ఆదేశం దొరికితే అదీ ఇచ్చాను. అది శూన్యంలోకి డయల్ చేసింది. బంద్ కాబట్టి ఎక్స్ఛేంజీ కూడా మూసేశారని ఒక నిశ్చయానికి వచ్చి, టెలిఫోన్ల వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మాయి అంతా విని, "కింద ఫోన్లో టోన్ వస్తోందేమో చూద్దామా సార్?" అంది.

ఫిజిక్సు మాస్టారికి తట్టవలసిన మొదటి ప్రశ్న అది. ముప్పావుగంట అయ్యాక కెమిస్ట్రీ అమ్మాయికి తట్టింది.

కిందికి దిగాం. ముందుగదిలో బల్లమీద ఫోను ఉంది. దాని పక్కన నాలుగు మడతలు వేసిన తెల్లటి తువ్వాలు, ఆ తువ్వాలు మీద పడుకోబెట్టినట్టుగా రిసీవరు. పక్కనే గోడకి ఆనుకుని అమ్మగారు తస్బీ పూసలు తిప్పుతూ కూర్చున్నారు.

"ఎవరైనా ఫోన్ చేస్తే మీ పనికి అడ్డమని తీసి పెట్టానండీ మాస్టారూ. చప్పుడు రాకుండా తువ్వాలు కూడా వేశాను" అన్నారు.

రాత్రంతా మోగిన ఫోను చూసి ఆవిడ చేసిన ఏర్పాటు అది. ఎత్తకూడదన్న నియమం తెలుసు, నా కోపం తెలుసు. అసలు మోగకుండా చేస్తే నాకు ఇంకా సుఖం కదా అనుకున్నారు. రిసీవరు తీసి పక్కన పెడితే లైను ఖాళీగా లేనట్టేనని నేను ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు. కేకలు మాత్రమే వేశాను. కోపం రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. రిసీవరు పెట్టేశాను. ఆవిడకి విషయం చెబితే మొహం పాలిపోయింది. ఫరవాలేదండీ, ఇంకా బోలెడు టైముంది అన్నాను. టైము మూడు కావస్తోంది.

ఈసారి మోడెము నిక్షేపంగా కూసింది. ఆ గీపెట్టే శబ్దం అంత బాగా ఎప్పుడూ వినిపించలేదు. అమ్మాయి చెబుతుంటే నేను ఉత్తరం టైపు చేశాను. అందినట్టు దయచేసి ఒక్క ముక్క తెలియజేయగలరు అని చివర తను చేర్పించింది. పంపు అన్నాను. పంపించాను అంది మెషీను. వెళ్ళిపోయిందని మెట్ల మీదనుంచి అరిచాను. అమ్మగారు సేమ్యా పాయసం పంపారు. ఒక గిన్నె ఖాళీ చేసి రెండోది పుచ్చుకున్నాను.

నేను లాగిన్ అయినప్పుడల్లా ఆ నల్ల తెరమీద ఒక వాక్యం కనిపించేది, నీకు ఉత్తరం వచ్చింది అని. అది మెషీను మర్యాద కోసం అనే మాట అనుకునేవాణ్ణి. నా అసలు ఉత్తరాలు ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళ పెట్టెలో ఉంటాయి, అవి వేరే చోట చదువుకునేవాణ్ణి కదా. పాయసం తింటుంటే ఆ వాక్యం మళ్ళీ వచ్చింది. అమ్మాయి తెరకేసి చూపించి, "అప్పుడే జవాబు వచ్చిందా సార్?" అంది. అది ఊరికే అంటుందమ్మా అన్నాను. అంటూనే ఎందుకో అనుమానమొచ్చి తెరిచాను.

ఎనిమిది ఉత్తరాలున్నాయి. ఏడు తెనాలి నుంచి తిరిగొచ్చినవి. ఎనిమిదోది ఇప్పుడే హైదరాబాదు నుంచి తిరిగొచ్చింది. పంపినవారి చిరునామాలో ఉన్న ఊరు ఈ లోకంలో ఎక్కడా లేదు, కాబట్టి తీసుకోం అని అన్నిట్లోనూ ఒకటే మాట. నా మెషీను తన సొంత పేరే కవరు మీద రాసి పంపుతోంది. ఆ పేరు నా గదిలో తప్ప ఎవరికీ తెలియదు. మూడు వారాలుగా మెషీను ఆ సంగతి రోజూ చెబుతూనే ఉంది, నేను వినిపించుకోలేదు. తెనాలి మిత్రుడికి ఒక్క ముక్కా అందలేదు, తిట్లున్న కార్డు తప్ప.

గడియారం మూడూ నలభై చూపిస్తోంది. కింద అమ్మగారు పొరుగింటావిడతో అమ్మాయి ఉత్తరం వెళ్ళిపోయిందని చెప్పడం వినబడుతోంది. ఆవిడకి ఏమీ చెప్పకుండా బాగుచేసేద్దామని ఒక్క క్షణం అనిపించింది. పక్కన అమ్మాయి తెరమీద ఉన్నదంతా చదివేసింది, దాచడానికేం మిగల్లేదు. నేను గొప్పలు చెప్పానమ్మా, ఉత్తరం వెళ్ళలేదు అన్నాను. ఆ మాట అనడం నాకు అప్పటికి అలవాటు లేదు.

తను కోప్పడలేదు, ఏడవలేదు. స్పైరల్ పుస్తకం ఒళ్ళోకి తీసుకుని, "మీరు టైపు చెయ్యండి సార్, నేను వెతుకుతాను" అని విషయసూచిక మీద వేలు పెట్టింది. ఆ పుస్తకాన్ని నేను ఎప్పుడూ కోపంతో అక్కడా ఇక్కడా తెరవడమే తప్ప మొదటినుంచి చదవలేదు. తను వరసగా చదువుకుంటూ వెళ్ళింది. పావుగంటలో నూట ముప్ఫై ఎన్నో పేజీలో దొరికింది. ఉత్తరాన్ని మెషీను సొంతంగా మోసుకెళ్ళకూడదు, ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళ మెయిల్ సర్వరుకి అప్పజెప్పాలి, కవరు మీద మన అసలు చిరునామా ఉండాలి. అందుకు ఒక ఫైలులో రెండు వరుసలు మార్చాలి. తను చదివింది, నేను కొట్టాను. మొదటిసారి ఒక చుక్క తప్పు కొట్టాను. తనే పట్టుకుంది.

నాలుగూ పదిహేనుకి మళ్ళీ పంపాం. పంపించాను అంది మెషీను. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఈసారి మెట్ల మీద కేక వెయ్యలేదు. మెషీను రాసుకునే చిట్టా తెరిచి చూస్తే, అవతలి సర్వరు ఉత్తరం స్వీకరించినట్టు ఒక వరుస ఉంది. అయినా కనెక్షన్ తియ్యకుండా అయిదు నిమిషాలకోసారి పెట్టె తెరిచి చూస్తూ కూర్చున్నాం. పాయసం మీద మీగడ కట్టింది. నా ఇరవై తొమ్మిదేళ్ళ జీవితంలో అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చున్న అరగంట మరొకటి లేదు.

నాలుగూ యాభైకి వచ్చింది, ఇంగ్లీషులో ఒకటిన్నర లైను. మీ అంగీకారం అందింది, ఒకటో తారీఖున వచ్చి చేరండి. అమ్మాయి రెండుసార్లు చదివింది. చదివి, మొహం చున్నీలో దాచుకుని అప్పుడు ఏడ్చింది. నాకు గుండెమీదనుంచి ఎవరో రాయి తీసేసినట్టయింది. నేనూ కళ్ళు తుడుచుకున్నాను, అబద్ధమెందుకు.

కనెక్షన్ తీసి కిందికి దిగాం. అమ్మగారు ఫోను ముందు నేలమీద మఠం వేసుకుని, కుడి చెయ్యి రిసీవరు మీద అదిమిపెట్టి కూర్చున్నారు. మూడింటికి నేను రిసీవరు పెట్టినప్పటినుంచీ, పాయసం కాచినంతసేపు తప్ప, ఆ చెయ్యి తియ్యలేదట. పాయసం కాచినప్పుడు పొరుగింటావిడని కూర్చోబెట్టారట. కూతురు ఉర్దూలో ఏదో చెప్పింది. ఆవిడ లేవలేదు, చెయ్యీ తియ్యలేదు. నావైపు చూసి, "తియ్యొచ్చాండీ మాస్టారూ?" అన్నారు.

తియ్యండమ్మా అనేలోగా ఆ చేతికిందే ఫోను మోగింది. వన్‌టౌన్ నుంచి సాయిబుగారు. ఆవిడ విషయం చెప్పి, అంతలోనే, పొద్దుటినుంచి ఏమీ తినలేదు, ముందు ఇంటికి రమ్మని కసిరారు.

ఆయన వచ్చేసరికి ఆరయింది. ఫ్యాక్సు మిషను పాడైపోయి ఉందట, రెండింటికే తెలిసిపోయిందట. బాగుచేసేవాడు దొరకడు, వెనక్కొచ్చేద్దామంటే పోలీసులు కొంతసేపు రోడ్డు ఆపేశారట. చెయ్యగలిగిందేమీ లేక, ఆ వ్యాపారి ఇంట్లో కూర్చుని పది నిమిషాలకోసారి ఇంటికి ఫోను చేస్తూనే ఉన్నారట. అంతసేపు ఎలా ఓర్చుకున్నారండీ అని అడిగాను.

"రెండింటినుంచీ ఎప్పుడు చేసినా ఎంగేజేనండీ. మాస్టారు లైనుమీదే ఉన్నారు, పని జరుగుతోంది అనుకున్నా. అదే నాకు ధైర్యం" అన్నారు.

అమ్మగారు తలుపు వెనకనుంచి నావైపు చూశారు. మొదటి గంట ఆయన విన్న ఎంగేజ్ తువ్వాలు మీద ఉన్న రిసీవరుదని మా ముగ్గురికీ తెలుసు. ఎవరం చెప్పలేదు. నేను మేడెక్కి, తెనాలికి పంపడానికి పోస్టుకార్డు తీసి, తప్పు నాదేనురా అని మొదలుపెట్టాను.