మూగ సినిమాకు మిర్చి ముఠా మాటలు

వేలు తాకిస్తే ఫోన్‌లో సినిమా మొదలయ్యే కాలం అప్పటికింకా మా దాకా రాలేదు. సినిమా అంటే చేత్తో మోసుకెళ్ళే సరుకు. నాకు ఇంజనీరింగ్ రెండో ఏడు. పుట్టింది, పెరిగింది హైదరాబాద్. ఫోన్ పక్కన పెడితే చేతిలో ఒక వేలు తగ్గినట్టుండేది, కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే (ఇప్పుడూ అక్కడే ఉంది, ఆఫీసులో కాస్త కప్పిపెడతానంతే). అమ్మాయిల హాస్టల్లో అందరం కలిసి డిస్కుల నుంచి దింపుకున్న రెండొందల సినిమాలు నా హార్డ్ డిస్క్‌లో ఉండేవి. అరచేతిలో పట్టే ఆ నల్ల డబ్బాను బ్యాగులో వేసుకుని చండ్రుగొండ దగ్గర మా మేనమామ ఊళ్ళో బస్సు దిగినప్పుడు, ఒక సినిమా హాలునే వెంట తెచ్చినంత పోజు కొట్టాను.

అది మిర్చి కోతల కాలం. అడవి పక్క కోయ గూడెం నుంచి ఇరవై మంది ఆడవాళ్ళ ముఠా వచ్చి మామయ్య చేలో కాయ కోసేది. ముఠాకు పెద్ద మేస్త్రమ్మ. సన్నగా, పొట్టిగా ఉండేది కానీ మామయ్యంతటి మనిషి కూడా ఆమెతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేవాడు. కోత అయిపోయిన రోజు మధ్యాహ్నం కోడికూర భోజనం, ఆ తర్వాత ఒక సినిమా. ఇది వాళ్ళ మధ్య ఏళ్ళనాటి ఒప్పందం. ఏటా మామయ్య చండ్రుగొండలో డిస్కులు కిరాయికి తెచ్చేవాడు.

"డిస్కులెందుకు మామయ్యా, వేస్ట్! నా దగ్గర రెండొందలున్నాయ్," అన్నాను.

"ఆడుతదా మన ప్లేయర్‌ల?"

"ముందర యూఎస్‌బీ బొక్క ఉందిగా. ఎందుకాడదు?"

"చూడు బిడ్డా. వాగు అవతలాయన కొత్త టీవీ కొన్నడు. రెండో కోతకు మా దిక్కు రమ్మని మేస్త్రమ్మను రోజూ పిలుస్తున్నడు. ముఠా అటు పోయిందంటే నా కాయ చెట్టుమీదనే రాలిపోతది."

"నేనున్నాగా!" అన్నాను. (ఈ మాట అన్న ప్రతిసారీ నాకేదో ఒకటి జరుగుతుందని అప్పటికి తెలియదు.)

ఆ రోజు భోజనాలయ్యాక హాల్లో కిటికీలకు గోనెపట్టాలు కట్టి చీకటి చేశాం. ఇరవై మందీ వరసగా కూర్చున్నారు. నేను వైరు గుచ్చాను. లైటు మిణుకుమంది, టీవీలో పేర్లు సగం సగం తెగిపోయి కనిపించాయి. మొదటిది నొక్కితే ఆడించలేనంది. రెండోదీ అంతే. అలా పదహారు సినిమాలు నొక్కాను. రిమోట్‌ను అరచేతికేసి కొట్టాను, ప్లేయర్‌ను తిట్టాను, వైరు పీకి మళ్ళీ గుచ్చాను. పదిహేడోది ఎత్తుకుంది. అందరూ ఊపిరి పీల్చుకునేలోపు తెలిసింది, బొమ్మ ఉంది, సౌండు లేదు.

ఫోన్ పట్టుకుని బయటికి ఉరికాను. సిగ్నల్ దొరికేది మిర్చి ఆరబోసిన కళ్ళంలో ఒక మూలనే. ఎర్రటి ఎండలో, కాయల ఘాటుకు తుమ్ముకుంటూ వెతికితే ఎవరో రాసిన జవాబు దొరికింది: ఆ రకం సౌండు ఇలాంటి ప్లేయర్లు చదవలేవు, వేరే దారి లేదు. డిస్కుల షాపుకు ఫోన్ చేస్తే ఆరోజు మూసేశారట. లోపలికొచ్చేసరికి మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చూపు వాగు వైపు ఉంది. నన్ను తిట్టినా బాగుండేది.

"ఏంది పటేలా, మాటలేవి?" అంది మేస్త్రమ్మ.

"జర ఆగండమ్మా…"

"ఎంతసేపని ఆగుతం? మేమే చెప్పుకుంటం తియ్యి."

తెరమీద హీరోయిన్ తండ్రి కళ్ళు ఉరిమి చూస్తున్నాడు. మేస్త్రమ్మ గొంతు మార్చి అచ్చం మామయ్యలా అందుకుంది: "ఏందమ్మా, మంచి కాయల తాలు కాయ కలిపినరు! గిట్లనేనా కోసుడు?" హాలు గొల్లుమంది. హీరో చెయ్యి చాపి బతిమాలుతుంటే ఇంకొకామె హీరోయిన్ తరఫున, "ముందుగాల పొద్దుగాల లేసుడు నేర్సుకో, తర్వాత ప్రేమ సంగతి!" అంది. మధ్యలో కోయ మాటలో ఎవరో ఏదో అంటే అందరూ నావైపు తిరిగి నవ్వారు. నాకు మండింది. రెండొందల సినిమాలు మోసుకొచ్చింది నేను, నవ్వులపాలైందీ నేనే!

"మూతి ఎందుకు ముడుస్తవ్ బిడ్డా? ఇగో, విలన్ వచ్చిండు. నీకు కోపం మంచిగొస్తది గదా, నువ్వే తిట్టు," అంది మేస్త్రమ్మ.

తిట్టాను. నిలబడి మరీ తిట్టాను. "ఏం చూస్తున్నావ్ రా గుడ్లప్పగించి? ముందర బొక్క పెట్టుకుని ఉత్త షో చేస్తావా? పదహారు సార్లు నొక్కించుకుని నోరు తెరవ్వా? పనికిమాలినోడా!" నేను తిడుతున్నది ప్లేయర్‌ను. కానీ తెరమీద విలన్ సరిగ్గా అప్పుడే తల దించుకున్నాడు. ముఠా చప్పట్లు కొట్టింది. గుమ్మంలో మామయ్య కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వుతూ.

పోయేటప్పుడు మేస్త్రమ్మను ఆయనే అడిగాడు, భయంభయంగా. "మరి రెండో కోతకు…"

"వస్తం. గని ఈ పిల్ల ఉండాలె. వాగు అవతల టీవీ ఉన్నది గని, తిట్టేటోళ్ళు లేరు."

అలా మూడు వారాలకు, క్లాసులెగ్గొట్టి, మిర్చి కోతకు అవసరమైన మనిషిగా నేను మళ్ళీ బస్సెక్కాను. పరువు సమస్య కాబట్టి ఈసారి సౌండొచ్చేలా సినిమాలన్నీ మార్పించి మరీ తీసుకెళ్ళాను. బొమ్మ పడింది, సౌండు హాలంతా మోగింది. నేను గర్వంగా వెనక్కి తిరిగి చూశాను. పది నిమిషాలు ఓపిక పట్టి మేస్త్రమ్మ అంది:

"గా సౌండు బంద్ చెయ్యి బిడ్డా. మా మాటలు మాకు ఇనొస్తలేవు."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. నా తెలివితేటలన్నీ ఒక్క బటన్‌తో నొక్కేసి, విలన్‌ను తిట్టడానికి లేచి నిలబడ్డ ఆనాటి నాలోని పిల్లంటే, ఎందుకో, నాకిప్పటికీ ముద్దే.