మిర్చి కారుకు మిషన్ వెతికిన నాలుగు రోజులు

రెండేళ్ల కిందట, మార్చి నెలలో, నేను వరంగల్ ములుగు రోడ్డు మీద ఒక కార్ వాష్‌లో సీనియర్ ఇంటీరియర్ హ్యాండ్‌గా ఉన్నాను. హోదా బరువుగా వినిపిస్తుంది కానీ కంగారు పడనక్కర్లేదు, జూనియర్ అంటూ ఎవరూ లేరు. బయట నురగ కొట్టి కడిగేవాళ్లది ఎక్స్‌టీరియర్ పని. లోపల దూరి సీట్లు, కార్పెట్, డోర్ ప్యాడ్లు శుభ్రం చేయడం ఇంటీరియర్ పని. తొమ్మిదేళ్లు లోపలే ఉన్నాను. ముప్పై రెండో ఏట నడుములో డిస్క్ జరిగింది, డాక్టర్ ఇక వంగొద్దన్నాడు, రిటైరయ్యాను. ఉద్యోగం నుంచి దిగిపోయేటప్పుడు అందరికీ శాలువా కప్పుతారు, నాకు నడుం బెల్టు కట్టారు. ఇప్పుడు మా బావ జిరాక్స్ షాపులో కూర్చుంటున్నాను. పాత పని గురించి అడిగేవాళ్లు ఇంకా వస్తుంటారు. ఎక్కువమంది అడిగేది ఒకటే: కారు సీట్లకు ఏ వెట్ వాక్యూమ్ కొనాలి అని. నాకు తెలిసిన జవాబు ఒక మిర్చి కారు దగ్గర దొరికింది.

శుక్రవారం మధ్యాహ్నం యాకన్న తన తెల్ల సెవెన్ సీటర్‌ను తీసుకొచ్చాడు. అద్దాలన్నీ దించి, ముక్కుకు తువ్వాల కట్టుకొని నడుపుతున్నాడు. ముందురోజు తొర్రూరు దగ్గర ఉండే తన బామ్మర్ది ఎండుమిర్చిని ఎనుమాముల మార్కెట్‌కు చేర్చడానికి వెనక సీట్లు మడిచి ఆరు బస్తాలు వేశాడట. ఒకటి పగిలింది. కాయలు ఏరేశాడు, గింజలు ఊడ్చేశాడు. మిగిలింది కంటికి కనిపించని దుమ్ము, అది సీటు గుడ్డలో ఇంకిపోయింది.

ఆ కారుకు ఒకే ఒక్క స్థిరమైన బాడుగ ఉంది. కాజీపేటలో ఉండే సరోజన టీచర్‌ను వారానికి మూడుసార్లు, సోమ, బుధ, శుక్రవారాల్లో, హన్మకొండలో డయాలసిస్‌కు తీసుకెళ్లి తీసుకురావాలి. ఆమె లెక్కల టీచర్‌గా రిటైరైన మనిషి. ఆ శుక్రవారం పొద్దున ఏసీ వేయగానే ఆమె తుమ్మడం మొదలుపెట్టి దవాఖాన దాకా ఆపలేదట.

"చెయ్యికి సూదులు గుచ్చిచ్చుకున్నంక తుమ్మితే ఎట్లుంటదో నీకెరుకనా యాకయ్యా, అన్నది అన్నా. సోమవారం పొద్దున ఒక్క చాన్స్ ఇస్తన్నది. మల్ల తుమ్మొస్తే బుధవారం నుంచి వేరే కారు మాట్లాడుకుంటదట," అని యాకన్న మా ఓనర్ సమ్మన్నకు చెప్పాడు. చెబుతూ తువ్వాలలోనే రెండుసార్లు తుమ్మాడు. ఆ తుమ్ములు దుఃఖం వల్ల కాదు.

మా దగ్గర అప్పటికి ఉన్నది డ్రై వాక్యూమ్ ఒక్కటే. ఇసుక, బిస్కెట్ ముక్కలు, చిన్నపిల్లల చెవికమ్మలు పీల్చడానికి బాగుండేది. నేను దాన్నే కారులో పెట్టి ఆన్ చేశాను. డ్రై వాక్యూమ్ లోపల ఒక గుడ్డ సంచీ ఉంటుంది, గాలి ఆ సంచీలోంచి వడపోసుకొని వెనక నుంచి బయటికి వస్తుంది. చెత్త ఆగుతుంది కానీ మిర్చి దుమ్ము అంత సన్నగా ఉంటే ఆగదు. నేను ముందు నుంచి పీల్చిన కారం మొత్తం వెనక నుంచి షెడ్డులోకి చల్లాను. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ ఆయన స్టవ్ ఆపి బయటికి పరుగెత్తాడు. దీన్ని గ్యాస్ దాడిగా ఇప్పటికీ వర్ణిస్తుంటారు. వాస్తవంగా జరిగింది తొమ్మిదిమంది తుమ్మడం, ఒక పకోడీ వాయి మాడిపోవడం.

"వేణూ, బంద్ జెయ్ రా నాయినా! కారు సాఫ్ జెయ్యమంటే ఊరు సాఫ్ జేస్తాన్నవ్," అని సమ్మన్న ప్లగ్గు పీకేశాడు.

దుమ్ము గాల్లోకి లేవకుండా ఉండాలంటే అది నీళ్లలోనే పోవాలి, అంటే వెట్ వాక్యూమ్ కావాలి. సమ్మన్న ఏడాదిగా కొంటానంటూనే ఉన్నాడు. సాయంత్రానికి ఒక డీలర్ దగ్గర నుంచి రెండు మిషన్లు సోమవారం దాకా ట్రయల్ మీద వచ్చాయి. మొదటిది నడుమెత్తు స్టీలు డ్రమ్ము, రెండు మోటార్లు, అరచేయంత వెడల్పు నోరు. సీటు మీద నీళ్లు మనమే చల్లుకోవాలి, అది పీలుస్తుంది. రెండోది దానిలో సగం ఉంటుంది, ఒకే మోటారు. అందులో రెండు తొట్లు, ఒకటి మంచినీళ్లకు, ఒకటి మురికినీళ్లకు. ట్రిగ్గర్ నొక్కితే నోటి ముందు సన్నటి జల్లు కొడుతుంది, అదే లాగుడులో ఆ నీటిని వెనక్కి పీల్చుకుంటుంది. దీన్ని ఎక్స్‌ట్రాక్టర్ అంటారు. నోరు నాలుగు వేళ్ల వెడల్పు, పైన అద్దం లాంటి ప్లాస్టిక్ మూత. ఎంత మురికి వెళ్తోందో కనిపిస్తుంది.

డ్రమ్మును ఆన్ చేస్తే రేకుల షెడ్డు వణికింది. సమ్మన్న మొహం వెలిగింది. ఆయన దృష్టిలో శబ్దం కూడా ఒక పనిముట్టు. దాచడం ఎందుకు, నా మనసూ దాని మీదే పడింది.

శనివారం పొద్దున పరీక్ష పెట్టాం. సోమవారం కారు తిరిగివ్వాలి కనుక నేరుగా సీట్ల మీద ప్రయోగం వద్దన్నాను. మాది కొత్తవాడ, మా ఇంట్లో జంపఖానాలు నేస్తారు. గుడ్డకు మా ఇంట్లో కరువు లేదు. వాకిట్లో కనిపించిన పాత జంపఖానా ఒకటి చంకన పెట్టుకొని వచ్చి, దాని మీద యాకన్న కారు కార్పెట్ దులిపాను. సగం మీద మగ్గుతో నీళ్లు పోసి డ్రమ్ము నడిపాను. మిగతా సగం మీద ఎక్స్‌ట్రాక్టర్ నడిపాను. తర్వాత రెండింటి మురికినీళ్లు రెండు బకెట్లలో పోశాం. డ్రమ్ము బకెట్ నిండా ఎర్రటి నీళ్లు, ఎక్స్‌ట్రాక్టర్‌ది పావు బకెట్. ఫలితం ప్రకటించడానికి ఇంకేం కావాలి? సమ్మన్న డీలర్‌కు ఫోన్ కలుపుతున్నాడు.

అప్పుడు మా బాపు సైకిల్ మీద వచ్చాడు. నేను ఎత్తుకొచ్చింది మగ్గం గుంట అంచున ఆయన ఏళ్లుగా వేసుకొని కూర్చునే జంపఖానా అట.

"కూసుందామని పోతే కింద బండ తలిగింది. ఏందిరా ఇది, దానికి పసుపు స్నానం జేపిస్తాన్నవా?"

"మిషిని పరీక్ష బాపూ. గీ పెద్దదే గెలిచింది. సూడు, బకెట్ నిండ నీళ్లు గుంజింది."

బాపు బకెట్ వైపు చూడలేదు. వంగి, జంపఖానా రెండు అంచులనూ చెంపకు ఆనించుకున్నాడు.

"దీంట్ల నువ్వెన్ని నీళ్లు పోశినవ్?"

మగ్గుతో పోశాను, లెక్క పెట్టలేదు.

"మరి నిండ పోస్తె నిండ గుంజదా? పోశిందే తీశింది. మిషిని ఎంత తాగిందో ఎందుకురా, జంపఖాన ఎంత దాసుకున్నదో సూడాలె గని. కాటా ఉన్నదా?"

ఇక్కడ మా ఇళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. సొసైటీలో నూలు తూకం వేసి ఇస్తారు. నేసిన జంపఖానాను తిరిగి తూకం వేసే తీసుకుంటారు. వానాకాలం గుడ్డ తడి పీల్చుకొని బరువు తూగితే, తడి ఆరేదాకా వెనక్కి పంపుతారు. కనుక గుడ్డలో నీళ్లున్నాయా లేదా అన్నది మా బాపుకు అభిప్రాయం కాదు, గ్రాములు. అలాంటి ఇంట్లో పుట్టి, బకెట్ రంగు చూసి తీర్పు చెప్పిన ఘనత నాకు దక్కింది.

పక్కనున్న పాత ఇనుప సామాను దుకాణం నుంచి వేలాడే కాటా తెచ్చాం. జంపఖానాను మంచినీళ్లతో కడిగి ఎండలో వేశాం. మధ్యాహ్నానికి ఎండింది. ఎండు బరువు రెండు కిలోల వంద గ్రాములు. దాని మీద కొలిచి ఒక లీటరు నీళ్లు పోసి డ్రమ్ముతో నాలుగు లాగుళ్లు లాగి తూచాం. రెండు కిలోల ఏడు వందలు వచ్చింది. అంటే లీటరులో సగం కన్నా ఎక్కువ గుడ్డలోనే ఉంది. ఆదివారం పొద్దున మళ్లీ ఎండబెట్టి, అంతే నీళ్లు, అవే నాలుగు లాగుళ్లు ఎక్స్‌ట్రాక్టర్‌తో చేశాం. రెండు కిలోల మూడు వందలు.

షెడ్డును వణికించినదే ఓడిపోయింది. సమ్మన్న కాటా చెడిపోయిందేమో అన్నాడు. ముందురోజు అదే కాటా మీద ఆయన తన హెల్మెట్ తూచుకొని సంతోషపడ్డాడు.

నాకు మాత్రం అసలు ఆసక్తి అప్పుడే మొదలైంది. రెండు మోటార్ల డ్రమ్ము ఎందుకు ఓడింది? దాని వెడల్పు నోటిని జంపఖానా మీద ఆనించి కింద వేళ్లు పెట్టి చూశాను. నేసిన గుడ్డ ఎగుడుదిగుడుగా ఉంటుంది, నోటికీ గుడ్డకూ మధ్య సందుల్లోంచి ఉత్త గాలి లోపలికి పోతోంది. మోటారు కష్టపడి షెడ్డులోని గాలిని పీలుస్తోంది. మళ్లీ నీళ్లు పోసి ఆ నోటితో లాగాక, అదే డ్రమ్ముకు సందుల్లో పెట్టే సన్నటి నోరు తగిలించి లాగితే, మిగిలిన తడిలోంచే ఇంకో గ్లాసెడు నీళ్లు ఊడిపడ్డాయి. అంటే తప్పు మోటారుది కాదు, నోటిది.

"గట్లయితె పెద్దదానికే సన్న నోరు పెడ్దం," అన్నాడు సమ్మన్న. ఆయన ప్రేమ అంత తేలిగ్గా పోయేది కాదు.

బాపు సీటును వేలితో నొక్కి చూశాడు. "దీని కింద ఏముంటది?"

స్పాంజి, అరచేతి మందం, అన్నాను.

"జంపఖాన కింద బండ ఉంటది, నీళ్లు యాడికి పోవు. స్పాంజి ఉంటె మగ్గుతోని పోసుడే తప్పు. కారం పైన ఉంటె నీళ్లతోని కిందికి నువ్వే పంపుతవ్. మల్ల ఎవ్వని బాపు తీస్తడు?"

ఆ ప్రశ్నతో పోటీ ముగిసింది. కొట్టిన జల్లు దిగకముందే వెనక్కి పీల్చేది ఎక్స్‌ట్రాక్టర్ ఒక్కటే. బాపు తడి జంపఖానాను సైకిల్ వెనక కట్టుకొని వెళ్లిపోయాడు. కన్సల్టేషన్ కింద రెండు చాయ్‌లు తాగాడు.

మధ్యాహ్నం పని మొదలుపెట్టాను. వెట్ వాక్యూమ్‌లో ముందు పొడి ఫిల్టర్ తీసేయాలి, లేకపోతే అది నాని గాలి ఆగిపోతుంది. మురికి తొట్టిలో ముందే రెండు గ్లాసుల నీళ్లు పోసి ఉంచాను, వచ్చిన దుమ్ము అందులో పడి చస్తుందని. షాంపూ తక్కువ వేయాలి, నురగ పొంగి మోటారులోకి వెళితే మిషన్ పని అయిపోతుంది. ఇక్కడిదాకా నాకు తెలుసు. నూనె మరకకు వేడినీళ్లు వాడతాం కదా, మిర్చిలోనూ నూనె ఉంటుంది కదా అని మంచినీళ్ల తొట్టిలో వేడినీళ్లు పోశాను. మొదటి లాగుడుకే కారం ఆవిరై నా మొహానికి కొట్టింది. పోపులో ఎండుమిర్చి మాడినప్పుడు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు వివరణ అక్కర్లేదు. మా అమ్మకు ఫోన్ చేస్తే నవ్వి, "సల్లనీళ్లు వాడరా సైంటిస్టూ" అని పెట్టేసింది.

చల్లనీళ్లతో సీటు సీటుకూ నాలుగు వేళ్ల వెడల్పు చారలుగా, ఒక లాగుడు జల్లుతో, రెండు లాగుళ్లు ఉత్త పీల్పుతో పోయాను. ప్లాస్టిక్ మూతలో నీళ్లు మొదట ఇటుక రంగులో, తర్వాత చాయ్ రంగులో, చివరికి గంజి రంగులో కనిపించాయి. కారు తలుపులు తెరిచి ఎండలో పెట్టాం. సాయంత్రం యాకన్న లోపల కూర్చుని లోతుగా గాలి పీల్చాడు. ఏమీ కాలేదు. ఏసీ వేశాడు. తుమ్మాడు.

అతను స్టీరింగ్ మీద తల ఆనించి, "అయిపోయింది తమ్మీ. బుధవారం నుంచి నేను ఖాళీ," అన్నాడు.

కానీ సీట్లు తుమ్మించలేదు, ఏసీ తుమ్మించింది. గ్లవ్ బాక్స్ విప్పితే వెనకాల ఏసీ గాలి వడపోసే ఫిల్టర్ ఉంటుంది. దాన్ని బయటికి లాగాను. తెల్లగా ఉండాల్సింది కారప్పొడి ప్యాకెట్‌లా ఉంది. కొత్త ఫిల్టర్ వేసి, బ్లోయర్ దారి తడిగుడ్డతో తుడిచాను. యాకన్న మళ్లీ ఏసీ వేసి, కళ్లు మూసుకొని, పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూసే మనిషిలా పది నిమిషాలు కూర్చున్నాడు. నిద్రపోయాడు.

సోమవారం పొద్దున నేనూ ముందు సీటులో కూర్చొని కాజీపేట వెళ్లాను. టీచర్ చేతికర్రతో వచ్చి, సీటును అరచేత్తో తడిమి, తడి లేదని చూసుకొని కూర్చున్నారు. ఏసీ వేసిన అర నిమిషానికి తుమ్మారు.

యాకన్న కాలు బ్రేకు మీదికి వెళ్లింది.

"నడుపు యాకయ్యా. ఎండలకెల్లి సల్లగాలికి వస్తే ఒకటి వస్తది, అది నా లెక్క. రెండోది వస్తే నీ లెక్క," అన్నారామె.

రెండోదాని కోసం ముగ్గురం ఎదురుచూస్తూ వెళ్లాం. ఈలోగా ఆమె ఏం మిషన్ వాడారని అడిగారు. డ్రమ్ము సంగతి, కాటా సంగతి చెప్పాను. ఆరు వందల గ్రాములకు రెండు వందల గ్రాములు అని కాస్త గర్వంగానే అన్నాను.

"ఎన్నిసార్లు తూచిన్రు?"

"ఒక్కసారి టీచర్."

"ఒక్కసారి తూస్తే అది పరీక్ష కాదు, లాటరీ. ఇంకో రెండుసార్లు తూచి రాసుకో."

రెండోది రాకుండానే దవాఖాన గేటు వచ్చింది. ఆమె దిగి, కర్ర సర్దుకొని, యాకన్నతో నాలుగు గంటల తర్వాత రమ్మని చెప్పారు. వెళ్లబోతూ, బుధవారం పావుగంట ముందే రావాలన్నారు. యాకన్న సరేనన్నాడు. కారు వెనక్కి తిప్పుకున్నాక, "బుధవారం అన్నది గదా తమ్మీ? ఇన్నవా నువ్వు?" అని రెండుసార్లు అడిగాడు. విన్నానని రెండుసార్లు చెప్పాను.

డీలర్‌ను బతిమాలి ట్రయల్ ఇంకో రెండు రోజులు పెంచుకొని మళ్లీ తూచాం. గ్రాములు కొంచెం అటూ ఇటూ అయ్యాయి, గెలుపు మారలేదు. ఎక్స్‌ట్రాక్టర్ కొన్నాం.

ఆ వారం నాకు తెలిసింది ఇంతే. వెట్ వాక్యూమ్ పీల్చిన నీళ్లు అమ్మేవాడికి ఉపయోగం, గుడ్డలో వదిలేసిన నీళ్లు కొనేవాడికి సమస్య. కొనేముందు మందపాటి గుడ్డ ముక్క ఒకటి, కాటా ఒకటి పట్టుకెళ్లి మూడుసార్లు తూచండి. తూచనివ్వని షాపులో కొనకండి.