గ్యాస్ పైపుకు చుట్టిన నైలాన్ దారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏది తెగినా దారంతోనే కట్టేవాళ్లం. చెప్పు తెగినా, బకెట్ పిడి ఊడినా, మా నాన్న కార్ఖానా నుంచి తెచ్చిన నైలాన్ దారమే దానికి మందు. ఆయన్ని మేం బాపు అనేవాళ్లం. తెలంగాణ నుంచి సూరత్ వచ్చి పవర్‌లూమ్‌ల మీద బతికిన మనిషి. మగ్గం మీద పోగు తెగితే ఆయన వేసే ముడి బట్టలో ఎక్కడుందో కార్ఖానా సేఠ్ కూడా కనిపెట్టలేడని చుట్టుపక్కల చెప్పుకునేవారు. ఆ పొగడ్త ఆయన నెత్తికెక్కి కూర్చుంది. నాకు అరవై దాటాక కూడా అది తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

సూరత్‌లోని గోడాదరాలో మాది ఒకటే గది. వంటా అందులోనే, పడకా అందులోనే. పసిపిల్ల చెల్లి నేల మీద బొంతలో పడుకునేది. కిరసనాయిలు స్టవ్ పోయి గ్యాస్ వచ్చిన కొత్త రోజులవి, అమ్మకు ఆ స్టవ్ అంటే ప్రాణం. బాపు బట్టలకు అంటుకొచ్చిన దారం నూగు గదంతా ఎగిరి బర్నర్లలో చేరేది. అప్పుడు మంట నీలంగా రాక పసుపుపచ్చగా లేచి గిన్నెలకు మసి పట్టేది. అందుకని అమ్మ వారానికోసారి సిలిండర్ కట్టేసి, బర్నర్లు చల్లారాక ఊడదీసి, చిల్లులన్నీ పిన్నీసుతో పొడిచి, కడిగి ఎండబెట్టేది. అలా తుడుస్తూ ఒకరోజు రబ్బరు పైపు మీద సన్నని పగులు చూసింది. బాపుకు చెబితే కొత్త పైపు తెస్తాడనుకుంది. ఆయన పగులు మీద నైలాన్ దారం బిగించి చుట్టి, తన పేరుమోసిన ముడి వేసి, ఏనుగు గుంజినా ఊడదన్నాడు.

మర్నాటి నుంచి అమ్మ వాసన వస్తోందని చెప్పడం మొదలుపెట్టింది. బాపు మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, నాలుగో రోజుకు అరిచాడు. "నీ ముక్కుకు వేరే పని లేదా? గా ముడి ఏసింది ఎవరనుకున్నవ్?"

అమ్మ నన్ను దగ్గరికి పిలిచి, నీకు వాసన వస్తోందా బిడ్డా అని అడిగింది. వస్తోంది. చెల్లి బొంత దగ్గర వంగితే ఇంకా ఎక్కువగా వస్తోంది. కానీ ఎదురుగా బాపు నిలబడి ఉన్నాడు. నేను లేదని తలూపాను. ఆయన గెలిచినవాడిలా నా వీపు తట్టాడు. ఛీ, అలా తట్టినందుకు నేనెంత మురిసిపోయానో! అమ్మ రెగ్యులేటర్ కట్టేసి, చెల్లిని చంకనేసుకుని పక్కింటి పెద్దమ్మ దగ్గరికి వెళ్లింది.

పెద్దమ్మ మా ఊరామె. టిఫిన్ డబ్బాలు కట్టి బతికేది, రోజంతా గ్యాస్ పొయ్యి ముందే ఆమె పని. ఆమె నోటికి వీధి వీధంతా జడిసేది. వచ్చీ రాగానే బాపును దులిపేస్తుందనుకున్నాను. అలా చేయలేదు. పైపు పక్కన కూర్చుని, అబ్బ, ఏం ముడి తమ్మీ అని మెచ్చుకుంది. బాపు ఛాతీ పొంగింది. అప్పుడామె తలుపూ కిటికీ బార్లా తెరిచింది, లైటు స్విచ్ ముట్టుకోవద్దని అందరికీ చెప్పింది, స్టవ్ గుండీలు రెండూ కట్టేసి ఉన్నాయో లేదో చూసింది. గిన్నెలో బట్టల సబ్బు నురగ కలిపి బాపు చేతికే ఇచ్చింది.

"నీ చేత్తోనే పూయి తమ్మీ. ముడి గట్టిదైతే నురగ గట్లనే ఉంటది. బుడగ లేస్తే మాత్రం నా మాట ఇనాలె."

బాపు ధీమాగా పూశాడు. ఆమె రెగ్యులేటర్ తిప్పింది. దారం చుట్ల మధ్య నుంచి ఒక బుడగ లేచింది. నిమ్మకాయంత అయి పగిలింది. దాని వెనకే ఇంకొకటి, పక్కన మరొకటి. ఆమె టక్కున కట్టేసింది. ఇక చూడాలి ఆమె కోపం!

"దారం బట్టను ఆపుతది, గాలినాపుతదా? గ్యాస్ బరువుది, కిందికే దిగుతది. నీ పసిపోరి యాడ పండుకుంటదో జర సూడు!"

బాపు బొంత వైపు చూశాడు. చేతి నుంచి నురగ కారుతూనే ఉంది, తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు. అన్నం ముట్టకుండా వెళ్లి కొత్త పైపు తెచ్చాడు. అమ్మ ఆయనతో ఒక్క మాటే అంది. "నురగ జెప్తే ఒక్క గడియల ఇన్నవ్. నేను నాలుగొద్దులు జెప్పిన." తర్వాత అమ్మ నా వైపు చూసింది. రెండు తగిలించినా బాగుండేది. చూసి, పనిలో పడిపోయింది.

ఏళ్ల తరబడి బాపు మీద కోపం పెంచుకున్నాను. అది తేలిక గదా, నా మీద నేను కోపం తెచ్చుకోవడం కంటే! ఆయన నిజంగానే నమ్మాడు, మూర్ఖంగా నమ్మాడు. నేను తెలిసీ అబద్ధమాడాను. ఏ అనర్థమైనా జరిగి ఉంటే చెల్లి ప్రాణం నేను తలూపినందుకే పోయేది.

ఇప్పుడు సూరత్‌లోనే అమ్రోలిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. నెలకోసారి పైపుకు నురగ పూసి చూడందే నాకు తోచదు, దాని మీద అచ్చేసిన గడువు దాటనివ్వను. ఈ మధ్య నెల తిరక్కముందే కోడలు వాసన వస్తోందని చెబితే, మా సుపుత్రుడు ఫోన్‌లోంచి తలెత్తకుండా, ఏం లేదు, నీ భ్రమ అన్నాడు. నేను లేచి రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, వాణ్ణి ఇల్లు ఎగిరిపోయేలా తిట్టాను. వాడు బిత్తరపోయి, నీకు గూడ వాసనొచ్చిందా అమ్మా అని అడిగాడు.

"నా ముక్కు ఎన్నడో మొద్దుబారింది. నాకు రాలే. దానికొచ్చింది, సాలదారా?"